డ్యూటీలో చేరాక పాలెందుకు తగ్గుతాయి

(తల్లిపాల వారోత్సవాల సందర్భంగా భీమవరంలో, ఉద్యోగాలు చేస్తున్న తల్లుల సమావేశంలో ఒక పిల్లల వైద్యురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లలు ఏడిస్తే బయటికి తీసుకెళ్లక్కర్లేదు, ఇక్కడే కూర్చుని పాలివ్వండి. ఈ మీటింగ్ పెట్టిందే అందుకు.

ఏటా ఆగస్టు 1 నుంచి 7 దాకా ఈ వారోత్సవాలు జరుగుతాయి. బ్యానర్ కడతాం, ముర్రుపాల గురించి చెబుతాం, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టొద్దని చెప్పి, ఫొటో దిగి వెళ్లిపోతాం. ఆ ఆరు నెలల మాట సరైనదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే. కానీ ఎదురుగా కూర్చున్న తల్లికి సోమవారం నుంచి డ్యూటీ ఉందన్న సంగతి మాలో ఎవరూ ఎత్తరు. ఈ పూట ఆ సోమవారం గురించే మాట్లాడతాను.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో తణుకులో బ్యాంకు ఉద్యోగం చేసేవాళ్లున్నారు, కాళ్ల మండలం వైపు బళ్లకు వెళ్లే టీచర్లున్నారు, సచివాలయాల్లో పనిచేసేవాళ్లున్నారు, రొయ్యల ప్లాంట్లలో పనిచేసేవాళ్లున్నారు. డ్యూటీలో చేరిన నెలకో, నెలన్నరకో వస్తారు. అందరిదీ ఒకటే మాట. "మేడం, మొదట్లో పాలు తీసే పంపు పెడితే సీసా సగానికి పైగా వచ్చేవి. ఇప్పుడు అడుగు తడవడమే కష్టంగా ఉంది. పాలు ఎండిపోతున్నాయేమో." పక్కనే అత్తగారు. "సరిగ్గా తినదండీ, ఎంత చెప్పినా వినదు." ఆ అమ్మాయి తల దించుకుంటుంది. తప్పు ఆమె కంచం మీద పడిపోయింది. ఇంక ఆమె రోజు ఎలా గడుస్తోందని ఎవరూ అడగరు.

ఇక్కడ పాడి ఉన్న ఇళ్లవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. అయితే మీరే నాకు చెప్పాలి. చూడి గేదెను ఈనే ముందు ఎలా ఎండగడతారు? (సభలోంచి: "పిండటం తగ్గిస్తామండి.") అదీ. రెండు పూటలా పిండేదాన్ని ఒక పూటకు తెస్తారు, తర్వాత రోజు విడిచి రోజు, ఆ తర్వాత పూర్తిగా మానేస్తారు. దాణా కూడా కొంచెం తగ్గిస్తారనుకోండి. కానీ అసలు పని పిండటం మానడంతోనే అవుతుంది. పొదుగులో పాలు నిలవుండిపోతే కొత్త పాలు తయారవడం ఆగిపోతుంది.

నన్ను తిట్టుకోకండి గానీ, మన ఒంట్లో జరిగేదీ అదే. కాన్పయిన మొదటి వారాల్లో హార్మోన్ల జోరు మీద పాలు పొంగిపోతాయి. పై కొంగు తడిసిపోతుంది, రొమ్ములు రాయిలా గట్టిపడతాయి. నెలన్నర, రెండు నెలలు గడిచాక ఆ జోరు సర్దుకుంటుంది. అక్కణ్ణుంచి లెక్క మారుతుంది. ఎంత ఖాళీ అయితే అంత తయారవుతుంది. రొమ్ము నిండిపోయి అలాగే ఉండిపోతే, ఆ బిగువుకు తోడు పాలల్లోనే ఉండే ఒక పదార్థం కూడా "ఇంక చాలు" అని లోపలి కణాలకు చెప్పేస్తుంది. ఇది ఏ రొమ్ముకు ఆ రొమ్ము విడిగా జరుగుతుంది. బిడ్డ ఎప్పుడూ ఒకవైపే తాగితే రెండోవైపు తగ్గిపోవడం మీలో కొందరు చూసే ఉంటారు.

ఇప్పుడు డ్యూటీ రోజు తీసుకోండి. సెలవులో ఉన్నప్పుడు బిడ్డ పగలూ రాత్రీ కలిపి ఎనిమిదిసార్లో, పదిసార్లో తాగింది. చేరాక పొద్దున్న ఏడున్నరకు ఒకసారి ఇచ్చి బస్సెక్కుతారు. పదకొండింటికి పంపు పెడదామనుకుంటారు, సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్షన్. మధ్యాహ్నం ఒకటిన్నరకు ఒకసారి, అదీ సగం అన్నం తింటూ. మళ్లీ సాయంత్రం ఆరున్నరకు ఇల్లు. రాత్రి అలిసిపోయారని బిడ్డను అమ్మమ్మ తన పక్కలో వేసుకుని సీసా పట్టేస్తుంది. ప్రేమతోనే. మొత్తం లెక్కేస్తే ఎనిమిది, పది కాస్తా నాలుగైదుకు వచ్చేసింది. రైతు తెలిసి చేసే పనిని మనం తెలియకుండా చేస్తున్నాం. ఇందులో తిండి ఎక్కడుంది చెప్పండి?

కాబట్టి పాలు తగ్గాయని ఎవరైనా వస్తే నేను మొదట అడిగేది ఒక్కటే. నిన్న ఏయే టైములకు రొమ్ము ఖాళీ అయింది? కాగితం మీద రాయమంటాను. నూటికి తొంభై మందికి అని అంకె చెప్పను, నేను లెక్క కట్టలేదు. కానీ చాలామందికి రాస్తూ రాస్తూనే విషయం అర్థమైపోతుంది.

అసలు తగ్గాయా లేదా అన్నది కూడా చూడాలి. పంపులో వచ్చింది చూసి ఒంట్లో ఇంతే ఉన్నాయనుకోకండి. బిడ్డ నోరు తీసినంత బాగా పంపు తీయలేకపోవచ్చు. రొమ్ములు మెత్తబడటం, పాలు కారడం ఆగిపోవడం, ఇవి రెండో నెలలో చాలామందికి జరిగేవే. పొద్దున్న పంపులో ఎక్కువ, సాయంత్రం తక్కువ రావడం కూడా మామూలే. అప్పుడే బిడ్డకు పాలిచ్చి పంపు పెడితే రెండువైపులా కలిపి 30, 40 మి.లీ. వచ్చినా అది బాగున్నట్టే. బిడ్డ తాగాల్సిన టైముకు బదులుగా పెడితే 60 నుంచి 120 మి.లీ. దాకా వస్తే చాలు. ఫోనుల్లో ఎవరో ఫ్రిజ్ నిండా సీసాలు పేర్చి చూపిస్తారు, అది చూసి టెన్షన్ పడకండి. రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా ఉచ్చ పోస్తూ, నెలనెలా బరువు పెరుగుతూ ఉంటే మీ బిడ్డకు పాలు సరిపోతున్నట్టే. అంగన్‌వాడీలో తూకం ఉంది, తూయించండి.

ఇంట్లో ఎన్ని పాలు ఉంచాలి? ఒక నెల నుంచి ఆరు నెలల మధ్య బిడ్డ రోజు మొత్తానికి సగటున 750 మి.లీ. తాగుతుంది. బిడ్డబిడ్డకీ తేడా ఉంటుంది గానీ, వయసు పెరిగిందని ఆ అంకె పెద్దగా పెరగదు. గంటకు 30 మి.లీ. పైచిలుకు అనుకోండి. మీరు తొమ్మిది గంటలు ఇంట్లో లేకపోతే సుమారు 300. మూడుసార్లుగానో, నాలుగుసార్లుగానో పట్టాలి. ఇప్పుడు ఇంటికెళ్లి కనుక్కోండి, ఎంత పడుతున్నారో. ఒక్కోసారికి 150, 180 పట్టేస్తారు. ఏడిస్తే సీసా, మూలిగితే సీసా. సీసా తలకిందులుగా పడితే పాలు ధారగా పోతాయి, బిడ్డకు ఇష్టమున్నా లేకపోయినా మింగక తప్పదు. అది చూసి "ఎంత ఆకలో పాపం" అంటారు. ఆ లెక్కతో ఏ తల్లి పంపూ పోటీ పడలేదు. తగ్గింది పాలు కాదు, పెరిగింది సీసా.

అందుకే నేను ఉగ్గుగిన్నె పార్టీ. మన అమ్మమ్మలు వాడినదే. బిడ్డను కాస్త నిటారుగా ఒళ్లో పెట్టుకుని కొంచెం కొంచెంగా పోయాలి, మింగాక మళ్లీ. కడగడం తేలిక, సీసాకు అలవాటు పడి రొమ్ము వద్దనే గొడవ తక్కువ. సీసాయే వాడతామంటే అడ్డంగా పట్టుకుని, మధ్యమధ్యలో ఆపుతూ, పావుగంట సేపు పట్టమనండి.

పంపు సంగతి. పాలు తగ్గాయని కొత్త పంపు కొనేముందు పాతదాన్ని విప్పి చూడండి. అందులో మెత్తటి రబ్బరు వాల్వులుంటాయి. రోజూ వాడితే రెండు మూడు నెలలకే సాగిపోతాయి. వాల్వు చివరి చీలిక అంచులు మూసుకోకపోతే పట్టు పోయినట్టే. మోటారు మోత మామూలుగానే ఉంటుంది కాబట్టి మనం గమనించం. రెండోది, రొమ్ముకు ఆనించే గరాటు సైజు. చాలా పంపులతో 24 మి.మీ. గరాటు వస్తుంది, చాలామందికి అది పెద్దదవుతుంది. చనుమొన అడ్డంగా ఎంత ఉందో స్కేలుతో కొలిచి, దానికి దగ్గరి సైజు తీసుకోవాలి. చుట్టూ ఉన్న నల్లటి భాగమంతా లోపలికి లాగేస్తుంటే సైజు పెద్దదని అర్థం. ఇంకొకటి, స్పీడు బాగా పెంచితే ఎక్కువ వస్తాయనుకుంటారు. నొప్పి పుడితే పాలు దిగవు. హాయిగా ఉన్నంత వరకే పెంచండి.

పాలు చేపుకు రావాలంటే మనసు కుదుటపడాలి. ఇది గేదెలున్నవాళ్లకు నేను చెప్పేదేముంది! దూడను చూపించకుండా కొత్తమనిషి కూర్చుంటే అది పాలిస్తుందా? మీరేమో స్టాఫ్ రూమ్ తలుపుకు గడియ సరిగ్గా పడదని దాని వంకే చూస్తూ పంపు పెడతారు. బిడ్డ వీడియో ఫోనులో పెట్టుకోండి, వీలుంటే బిడ్డ వేసి విడిచిన చొక్కా ఒకటి సంచీలో ఉంచుకోండి. పెట్టేముందు రెండు నిమిషాలు రొమ్ములను చేత్తో మెల్లగా నిమరండి, పంపు నడుస్తున్నప్పుడు కూడా అక్కడక్కడా నొక్కుతూ ఉండండి. పంపు ఆపాక చేత్తో ఇంకాసేపు పిండితే చివరి చిక్కటి పాలు వస్తాయి. సీసాకు ఒక సాక్సు తొడగండి. నవ్వుతున్నారు గానీ, ఎన్ని వచ్చాయో నిమిషానికోసారి చూసుకోవడం మానేస్తే కొందరికి నిజంగానే ఎక్కువ వస్తాయి.

పోయిన పాలు మళ్లీ తెచ్చుకోవచ్చా అంటే, చాలామందికి తెచ్చుకోవచ్చు. పగలు డ్యూటీలో రెండు మూడుసార్లు, ఒక్కోసారి పదిహేను, ఇరవై నిమిషాలు. ముప్పావుగంట ఖాళీ కోసం చూస్తూ మూడూ పోగొట్టుకునే కంటే, పది నిమిషాలవే మూడు పెట్టుకోండి. రాత్రి పాలు మానిపించకండి, పాలు తయారుచేసే ప్రొలాక్టిన్ రాత్రిపూటే ఎక్కువ ఉంటుంది. మీకు నిద్ర కావాలంటే పగటి పనులు ఇంకెవరైనా చేయాలి. అమ్మమ్మ సాయం చేయదలిస్తే అంట్లు తోమొచ్చు, రాత్రి సీసా పట్టక్కర్లేదు. ఆదివారం సీసా అటక మీద పెట్టేసి బిడ్డకు అడిగినప్పుడల్లా రొమ్మే ఇవ్వండి. శుక్రవారానికి తగ్గిన పాలు సోమవారానికి కోలుకోవడం చాలామందిలో చూస్తాం. ఇంకో పద్ధతి ఉంది. రోజుకు ఒక గంట కూర్చుని 20 నిమిషాలు పంపు, పది విశ్రాంతి, పది పంపు, పది విశ్రాంతి, మళ్లీ పది పంపు. బిడ్డ ఆకలి ఎక్కువై మాటిమాటికీ అడిగినట్టు ఒంటికి అనిపించాలని. వారం దాకా చేసి చూడొచ్చు. చంటిబిడ్డతో, వంటతో ఆ గంట ఎక్కణ్ణుంచి వస్తుందన్నది మీ ఆయన్ని అడగండి.

సరే, తిండి. ఈ మాట ఎత్తకుండా గోదావరి జిల్లాల్లో మీటింగ్ ముగించలేం. పాలసొర చేప పిట్టు, తెలగపిండి మునగాకు కూర, వెల్లుల్లి కారం, బొప్పాయి కాయ కూర, మెంతులు. అన్నీ మంచివే, నేనూ తిన్నాను, ఇష్టంగా తిన్నాను. సొరలో మాంసకృత్తులు, మునగాకులో ఇనుము, తెలగపిండిలో కాల్షియం. బాలింతకు బలం కావాలి, అవి ఇస్తాయి. కానీ ఎంత సొర తిన్నా, పొద్దున్న ఏడున్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా రొమ్ము ఖాళీ చేయకపోతే పాలు నిలవవు. షాపులో డబ్బాల్లో అమ్మే శతావరి పొడి, అదే మన పిల్లిపీచర, దాని మీదా గట్టి రుజువులు తక్కువే. మెంతులు మాత్రం మోతాదు మించి తినకండి, షుగర్‌కో థైరాయిడ్‌కో మందులు వాడేవాళ్లు అడిగి తినండి. నాకు కోపం వచ్చేది ఒక్కటే, ఆ నీళ్ల పథ్యం. బాలింత నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని మే నెలలో కూడా గుక్కెడే ఇచ్చే ఇళ్లున్నాయి. దాహం వేసినన్ని తాగండి. అలాగని బిందెలు తాగితే పాలు పెరగవు. పాలు పెరగడానికి డామ్‌పెరిడోన్ మాత్రలు పక్కింటావిడ చెప్పిందని మందుల షాపులో కొనేస్తున్నారు. గుండె లయను దెబ్బతీయగల మందు అది. డాక్టరు చూసి రాస్తే తప్ప ముట్టుకోవద్దు.

పాలు తగ్గించే మందులు కొన్నున్నాయి. ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు మొదటిది. డ్యూటీలో చేరే ముందు మళ్లీ నెల తప్పకూడదని మొదలుపెడతారు, పాలు తగ్గితే ఉద్యోగం మీద తోస్తారు. ప్రభుత్వాసుపత్రుల్లో ఇచ్చే 'ఛాయ' మాత్రలో హార్మోను ఉండదు, కాపర్‌-టీ ఉంది, ఏది మీకు సరిపోతుందో కనుక్కోండి. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటే అదీ పాలు తగ్గిస్తుంది. బహిష్టులు మళ్లీ మొదలైతే కొందరికి కొన్ని రోజులు తగ్గి తర్వాత వాటంతటవే సర్దుకుంటాయి. టైములన్నీ సరిగ్గా ఉండి కూడా తగ్గుతూనే ఉంటే థైరాయిడ్, రక్తం పరీక్షలు చేయించాలి. నెల తప్పిందేమో కూడా చూసుకోవాలి, నవ్వకండి.

తీసిన పాలు దాచడం. గదిలో నాలుగు గంటలు ఉంటాయని చదివి ఉంటారు. ఆ లెక్క 25 డిగ్రీల గదికి. మన దగ్గర మే నెలలో అలాంటి గది ఏసీ బ్యాంకు మేనేజరుదే. కాబట్టి తీసిన వెంటనే చల్లగా పెట్టాలి. గడ్డకట్టిన ఐసు ప్యాకులు వేసిన చిన్న థర్మోకోల్ డబ్బా గానీ, వెడల్పు మూతి ఫ్లాస్కు గానీ చాలు. అలా సాయంత్రం ఇంటికి చేరేదాకా భయం లేదు. భీమవరంలో థర్మోకోల్ డబ్బాకు కరువేముంది, రొయ్యల వాసన లేనిది చూసుకోండి అంతే. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో, తలుపు దగ్గర కాకుండా లోపల, వెనకవైపు. నాలుగు రోజులుంటాయి. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తీయకండి. పైన మీగడలా తేలితే పాడైనట్టు కాదు, మెల్లగా తిప్పితే కలుస్తుంది. వేడినీళ్ల గిన్నెలో సీసా ఉంచి గోరువెచ్చగా చేయండి, పొయ్యి మీద కాయొద్దు.

చట్టం గురించి రెండు మాటలు. పాలివ్వడానికి మామూలు విశ్రాంతి కాక రోజుకు రెండు విరామాలు, బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా, ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలోనే ఉంది. ఫ్యాక్టరీలకూ, పది మంది గానీ, అంతకు మించి గానీ పనిచేసే దుకాణాలకూ, సంస్థలకూ అది వర్తించింది. 2017 సవరణలో సెలవు 26 వారాలైంది, 50 మంది ఉన్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ ఈ విరామాలు ఉన్నాయి. వెళ్లి పోట్లాడమనడం లేదు. కాగితం మీద రెండు టైములు రాసి ముందే ఇవ్వండి. చేరిన రోజే ఇస్తే చాలామంది సరేనంటారు, నెల తర్వాత అడిగితే ఇన్నాళ్లూ లేని అవసరం ఇప్పుడేంటంటారు.

(ఒక మహిళ: "మేము రొయ్యల ప్లాంటులో చేస్తామండి. పంపు లేదు, చోటూ లేదు. గ్లౌజులు విప్పితేనే కేకలేస్తారు.")

మీకు చెప్పకపోతే ఈ మీటింగ్ దండగ. పంపు అక్కర్లేదమ్మా. భోజనం టైములో చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కోండి. బొటనవేలు పైన, మిగతా వేళ్లు కింద, చనుమొనకు అంగుళం వెనకగా. ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత వేళ్లు ఒకదాని వైపు ఒకటి నొక్కి వదలాలి. చర్మం మీద జార్చకూడదు. వేళ్లు చుట్టూ తిప్పుతూ చేస్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది. చల్లగా దాచుకునే వీలుంటే మూతున్న స్టీలు డబ్బాలోకి. వీలు లేకపోతే పారబోయండి. అవును, పారబోయండి. ప్రాణం ఒప్పదు, నాకు తెలుసు. అయినా రొమ్ము ఖాళీ అయితేనే రాత్రికి మీ బిడ్డకు పాలుంటాయి. రొమ్ములో గడ్డకట్టి జ్వరం వస్తే మాత్రం ఒక రోజు కూడా ఆగకుండా రండి.

(మరో మహిళ: "ఎంత చేసినా చాలక డబ్బా పాలు కలుపుతున్నాను మేడం. తప్పా?")

బిడ్డ బరువు పెరగకపోతే కలపకపోవడమే తప్పు. డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపండి, పదిరోజులు రావాలని పల్చన చేయకండి. గేదె పాలు, ఆవు పాలు ఏడాది నిండేదాకా తాగడానికి పట్టొద్దు. డబ్బా పాలు పట్టిన ప్రతిసారీ మీరొకసారి పంపో, చెయ్యో వాడితే ఉన్న పాలు నిలబడతాయి. సగం మీ పాలు, సగం డబ్బా అయినా ఆ సగం సగమే, సున్నా కాదు. ఆరు నెలలు నిండి ఉగ్గు మొదలయ్యాక ఈ ఒత్తిడి కొంచెం కొంచెంగా తగ్గుతుంది, అప్పుడు డ్యూటీలో ఒక పంపు మానేసినా నష్టం లేదు.

ఇంక మైకు ఆపేస్తాను. సంచీల్లో పంపులు తెచ్చుకున్నవాళ్లు బయటికి తీసి ఈ బల్ల దగ్గరికి రండి, ముందు వాల్వులు చూద్దాం.